మీ చుట్టుపక్కల ఆకలి తగ్గించాలనుకుంటే ముందు క్యాలెండర్ చూడండి

మీ వీధిలోనో పక్క పేటలోనో పూట గడవని ఇళ్ళు కొన్ని ఉన్నాయని మీకు తెలుసు, ఏదో ఒకటి చేయాలని ఉంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. ఇది అలాంటివాళ్ళ కోసం రాస్తున్నాను. ఓ చిన్న గుంపుతో కలిసి కొన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, చేసిన తప్పులకి లెక్కలేదు. అన్నిటికంటే పెద్ద తప్పేంటో ముందే చెప్పేస్తాను: మాకు కుదిరిన రోజున పెట్టాం, వాళ్ళకి లేని రోజున కాదు.

ఆకలికి ఓ క్యాలెండర్ ఉంటుంది. జీతం వచ్చిన వారం పొయ్యి బాగానే వెలుగుతుంది, నెల చివరి పది రోజులే అసలు కష్టం. రోజుకూలీ మీద బతికే ఇంటికి వానలు పట్టిన వారం కష్టం. పొలం పనుల మీద ఆధారపడ్డవాళ్ళకి పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని నెలలు కష్టం. పిల్లలకి బడిలో భోజనం పెట్టే చోట సెలవులే గడ్డురోజులు, ఎందుకంటే అన్నాళ్ళూ బడిలో గడిచిపోయిన ఆ ఒక్క పూట బరువు ఒక్కసారిగా ఇంటి మీద పడుతుంది. ఇక ఇంట్లో ఎవరైనా మంచాన పడితే ఏ నెలైనా ఒకటే. మరి మనం ఇచ్చేదెప్పుడు? పుట్టినరోజులకి, పండగలకి, పోయినవాళ్ళ జ్ఞాపకానికి. మేము మొదటిసారి రెండొందల పొట్లాలు కట్టుకుని ఆర్భాటంగా వెళ్ళిన రోజు, మాకంటే ముందే రెండు గుంపులు వచ్చి పెట్టి వెళ్ళాయి. కాదనలేక తీసుకున్నారు, సగం పొట్లాలు సాయంత్రానికి గోడ పక్కన పడి ఉన్నాయి. ఓ పెద్దావిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ కడుపు నిండింది నాయనా, వచ్చే వారం వస్తారా?" అని అడిగింది. వచ్చే వారం మా ఎవరికీ ఖాళీ లేదు.

అందుకని మొదటి పని డబ్బు పోగుచేయడం కాదు. గోడకి తగిలించే పెద్ద క్యాలెండర్ ఒకటి తీసుకుని, మీరు సాయం చేయాలనుకుంటున్న వాడలో డబ్బులు ఎప్పుడొస్తాయి, ఎప్పుడు అయిపోతాయి, బడి సెలవులెప్పుడు, పనులు దొరకని నెలలేవి అని గుర్తులు పెట్టుకోండి. ఇప్పటికే ఎవరెవరు ఏ రోజుల్లో పెడుతున్నారో కూడా రాయండి. గుళ్ళో, చర్చిలో, మసీదులో, గురుద్వారాలో, ఏదైనా సంఘం వాళ్ళో ఎప్పట్నుంచో చేస్తూనే ఉండొచ్చు. ఖాళీగా మిగిలిన గళ్ళే మీ పని. ఇంకొకరు వారం వారం చక్కగా చేస్తున్నచోట మళ్ళీ మీ జెండా పాతాల్సిన అవసరం లేదు, వెళ్ళి వాళ్ళతో కలిసి గిన్నెలు తోమినా సాయమే.

ఎవరికి అవసరమో ఎలా తెలుస్తుంది

"మీకు తిండికి ఇబ్బందిగా ఉందా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే నూటికి తొంభై మంది లేదనే అంటారు. మన భాషే చూడండి, ఇంట్లో సరుకులు అయిపోతే అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. లేదన్న మాట నోట రాకుండా పదాన్నే తిరగేసి చెప్పుకునేవాళ్ళం, పరాయి మనిషి ముందు బయటపడతామా?

కాబట్టి ఇల్లిల్లూ తిరిగి అడగకండి. ముందు తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. బడిలో పాఠం చెప్పేవాళ్ళకి పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలెవరో తెలుసు. ఆరోగ్య కార్యకర్తకి బరువు తగ్గుతున్న బాలింత తెలుసు. అరువిచ్చే కొట్టు మనిషికి ఎవరి ఖాతా పెరుగుతోందో, ఎవరు మొహం చాటేస్తున్నారో తెలుసు. వీళ్ళని పేర్ల జాబితా ఇమ్మని అడగొద్దు. మేము ఫలానా రోజున ఫలానా చోట ఉంటాం, అవసరమున్నవాళ్ళకి మీరే ఓ మాట చెప్పండి అని వదిలేయండి. నమ్మకం కుదిరాక వాళ్ళే చెబుతారు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆహార భద్రత కొలవడానికి ఎనిమిది ప్రశ్నలు వాడుతుంది. ఆ ప్రశ్నలు మీరు ఎవరినీ అడగక్కర్లేదు గానీ వాటి వరస మనసులో పెట్టుకుంటే పనికొస్తుంది. మొదట తిండికి సరిపోతుందో లేదో అన్న దిగులు. తర్వాత బలమైన తిండి తగ్గడం, రోజూ అవే ఒకటి రెండు రకాలతో సరిపెట్టుకోవడం. ఆ తర్వాత పూట మానేయడం, తక్కువ తినడం, ఇంట్లో తిండి అయిపోవడం, ఆకలేసినా తినలేకపోవడం, చివరికి రోజంతా పస్తు. మనం మామూలుగా ఆ చివరి మెట్టు మీదున్న మనిషినే చూస్తాం, ఎందుకంటే రోడ్డు మీద కనిపించేది ఆ మనిషే. తలుపు వెనకాల మూడో మెట్టు మీద, నాలుగో మెట్టు మీద ఉన్న ఇళ్ళు చాలా ఎక్కువ. ఆ ఇళ్ళలో ముందుగా పూట మానేసేది చాలాసార్లు అమ్మే, అదీ "నేను తర్వాత తింటాలే" అన్న ఒక్క మాటతో.

తిండి లేక కాదు ఈ గొడవంతా. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ళ నుంచి పోయిందే. మరోపక్క 2024లో దాదాపు 67.3 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా, అంటే జనాభాలో 8.2 శాతం. ఉన్నచోటి నుంచి లేనిచోటికి, పాడవకముందే, అవసరమైన రోజున చేర్చడమే పని. ఫుడ్ బ్యాంక్ పుట్టిందీ ఈ ఆలోచనతోనే. 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన పేదలకి భోజనం పెట్టేచోట వాలంటీరుగా ఉండేవాడు. దుకాణాలు పారేసిన మంచి తిండితో పిల్లల్ని సాకుతున్న ఓ తల్లి, డబ్బులు దాచే బ్యాంకు లాగా ఇలాంటి తిండి దాచిపెట్టి ఇచ్చే చోటు ఒకటి ఉంటే బాగుండునని ఆయనతో అన్నదట. అలా మొదలైన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ మొదటి ఏడాదిలోనే దాదాపు 125 టన్నుల ఆహారం పంచింది. ఆలోచన ఆకలి తెలిసిన మనిషిది, దాన్ని చెవిన పెట్టడం ఆయన గొప్పతనం.

ఏమివ్వాలి

డబ్బు. వినడానికి చప్పగా ఉంటుంది, సరుకుల సంచి చేత్తో అందిస్తే వచ్చే తృప్తి ఇందులో రాదు. అయినా నడుస్తున్న ఫుడ్ బ్యాంకు గానీ వంటశాల గానీ మీ దగ్గర్లో ఉంటే ముందు డబ్బే ఇవ్వండి, అదీ నెలనెలా కొంచెం కొంచెంగా. వాళ్ళు టోకున కొంటారు కాబట్టి మీ డబ్బుకి ఎక్కువ సరుకొస్తుంది, పైగా వాళ్ళకి ఏది తక్కువగా ఉందో వాళ్ళకే తెలుసు. ఏడాదికోసారి పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ళకంటే నెలకింతని తప్పకుండా పంపేవాళ్ళ వల్లే వచ్చే నెల ఎంతమందికి సరిపోతుందో ముందే చెప్పగలుగుతారు.

సరుకులే ఇస్తామంటే ముందు అడిగి ఇవ్వండి. అడక్కపోతే ఏమవుతుందంటే, అందరూ ఒకటే తెస్తారు. మా గదిలో ఓసారి పప్పు బస్తాలు మనిషెత్తు పేరుకున్నాయి, నూనె ఒక్క సీసా లేదు. ఉప్పు, నూనె, సబ్బు, నెలసరి ప్యాడ్లు, పెద్దవాళ్ళకి మెత్తగా తినగలిగేవి, ఇవి ఎవరికీ గుర్తుకురావు. వండుకోవడానికి గ్యాసో కట్టెలో లేనింటికి పచ్చి సరుకులు ఇచ్చి ఏం లాభం అన్నది కూడా ఆలోచించాలి. తేదీ చూడండి. ఫలానా తేదీలోపు వాడితే మేలు అని రాసి ఉంటే అది రుచికి, నాణ్యతకి సంబంధించింది, ఆ తేదీ నాలుగు రోజులు దాటిందని ప్యాకెట్టు విషమైపోదు. ఫలానా తేదీలోపే వాడాలి అని ఉంటే మాత్రం అది ఆరోగ్యానికి సంబంధించింది, దాటితే పారేయాల్సిందే. ఇవి కాక ఇంకో లెక్క ఉంది, అదే తేదీ ఉన్న ప్యాకెట్టు మీరు మీ పిల్లలకి పెడతారా? పెట్టనంటే అది దానం కాదు, ఇల్లు ఊడ్చుకోవడం.

పసిపిల్లల పాలపొడి డబ్బాలు మాత్రం పంచకండి. తల్లిపాలకి బదులుగా అమ్మే వాటి మీద ప్రపంచ ఆరోగ్య సభ 1981లోనే ఒక నియమావళి తెచ్చింది, కంపెనీలు తల్లులకి ఉచితంగా శాంపిళ్ళు ఇవ్వకూడదని అందులో ఉంది. డబ్బా అయిపోయేలోపు తల్లికి పాలు తగ్గిపోవచ్చు, తర్వాత కొనే స్తోమత ఉండదు, కలిపే నీళ్ళు మంచివి కాకపోతే బిడ్డకి విరేచనాలు పట్టుకుంటాయి. బాలింతకి కడుపునిండా తిండి అందేలా చూడండి. తల్లిపాలు దొరకని బిడ్డ ఉంటే ఆరోగ్య కార్యకర్తకి అప్పగించండి, సొంత వైద్యం వద్దు.

అలాగే నాలుగైదు రోజులకి మించి దాదాపు ఏమీ తినని మనిషి కనిపిస్తే, జాలిపడి ఒక్కసారిగా పళ్ళెం నిండా పెట్టేయకండి. బాగా చిక్కిపోయిన ఒంటికి ఉన్నట్టుండి ఎక్కువ తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్ లాంటి లవణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చెర నుంచి విడిపించిన ఖైదీల విషయంలో వైద్యులు దీన్ని గమనించారు. ఆ మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళడమే మొదటి సాయం.

ఇంకో సాయం ఉంది, దీన్ని నేను అన్నిటికంటే పైన పెడతాను. కాగితాలు. చాలాచోట్ల ప్రభుత్వం ఇచ్చే రేషనో, పెన్షనో, పిల్లల భోజనమో రావాల్సిన ఇంటికి రావడం లేదు, ఎందుకంటే పేరులో ఒక అక్షరం తప్పు పడింది, లేదా ఇల్లు మారారు, లేదా ఆ ఫారం నింపడం రాదు. మీలో ఒకరు రెండు రోజులు సెలవు పెట్టి, ఆ మనిషితో కూడా ఆఫీసుకి వెళ్ళి, కూర్చుని, ఫారం నింపి, రసీదు తీసుకుని వచ్చారనుకోండి, ఆ ఇంటికి నెలనెలా తిండి వస్తుంది, మీరు మళ్ళీ సంచి మోయక్కర్లేదు. మా గుంపులో ఈ పని చేసేది ఒకాయన, రిటైరైన గుమాస్తా. వంటకి ఒక్కనాడూ రాడు. మేమందరం కలిసి పెట్టినదానికంటే ఆయన పెట్టించిందే ఎక్కువ.

మిగిలిన వంటల సంగతి

పెళ్ళిలోనో మీటింగులోనో మిగిలింది, వచ్చి తీసుకెళ్ళండి అని ఫోన్లు వస్తాయి, సాధారణంగా రాత్రి పదకొండింటికి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఫోన్‌లోనే మూడు ప్రశ్నలు అడగాలి: ఎప్పుడు వండారు, అప్పట్నుంచి ఎక్కడుంది, వడ్డించిన గిన్నెల్లోదా లేక ముట్టనిదా? 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు గబగబా పెరుగుతాయి. అందుకే వండినదాన్ని మామూలు గది వేడిలో 2 గంటలకి మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజైతే 1 గంటే లెక్కపెట్టుకోవడం మంచిది. పొగలు కక్కుతూ 60 పైన ఉంచగలగాలి, లేదా ఫ్రిజ్‌లో 5 కింద. లోతైన గుండిగలో అలాగే వదిలేస్తే నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది, కాబట్టి వెడల్పాటి పళ్ళేల్లో పల్చగా పరిచి చల్లార్చాలి. మళ్ళీ వేడిచేస్తే లోపలిదాకా 70 డిగ్రీలు దాటాలి, వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఈ వాదనలన్నీ తగ్గుతాయి.

"బాగా మరిగిస్తే సరిపోతుంది కదా" అని పెద్ద మనుషులు కూడా అంటారు. సరిపోదు. స్టాఫిలోకాకస్ లాంటి కొన్ని బ్యాక్టీరియా తిండిలోకి వదిలే విషం మరిగించినా పోదు. బ్యాక్టీరియా చస్తుంది, విషం మిగులుతుంది. అప్పటికే నీరసంగా ఉన్న ముసలివాళ్ళకి, పిల్లలకి అది పెట్టి విరేచనాలు తెప్పిస్తే పెట్టిన పుణ్యం సంగతి సరే, మళ్ళీ ఎవరూ మీ చేతి ముద్ద ముట్టరు. వాసన బాగానే ఉందన్నది ఆధారం కాదు. అనుమానం వస్తే పారేయండి, పిలిచినవాళ్ళకి దండం పెట్టి వచ్చేయండి. డబ్బాల మీద వండిన టైము, ఏమేం వేశారో రాయడం అలవాటు చేసుకోండి, వేరుశెనగలు పడనివాళ్ళు ఒక్కరున్నా అది ప్రాణంతో పని.

దానంగా ఇచ్చిన తిండి విషయంలో చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మంచి మనసుతో ఇచ్చినవాళ్ళని కేసుల నుంచి కాపాడే చట్టం అమెరికాలో 1996లో వచ్చింది, అమ్ముడుపోని తిండిని పెద్ద సూపర్ మార్కెట్లు నాశనం చేయకూడదని ఫ్రాన్స్ 2016లో చట్టం తెచ్చింది. మీ దగ్గర ఏముందో ఓ లాయరుని ఒక్కసారి అడిగి ఉంచుకోండి, ఇవ్వడానికి జంకే హోటళ్ళతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

గుంపు నడిపే తీరు

మొదట్లో ఐదారుగురు చాలు. యాభై మందితో వాట్సాప్ గ్రూపు పెడితే శుభోదయాలు వస్తాయి గానీ సంచులు మోయడానికి మళ్ళీ ఆ ఐదారుగురే వస్తారు. ఒకరు డబ్బు, ఒకరు సరుకు, ఒకరు ఫోన్లు, ఒకరు కాగితాల పని. బ్యాంకు ఖాతాలోంచి తీయాలంటే ఇద్దరి సంతకం ఉండాలి, ఎంత స్నేహితులైనా సరే, స్నేహితులు కాబట్టే మరీను. నెలాఖరున వచ్చిందెంత, పోయిందెంత అన్నది ఇచ్చినవాళ్ళందరికీ ఒక్క పేజీలో పంపండి. తీసుకున్నవాళ్ళ పేర్లు మాత్రం అందులో ఉండకూడదు, మీ పుస్తకంలో కూడా ఇంటికో నంబరు వేసుకోండి. సరుకు నేల మీద పెట్టొద్దు, చెక్కల మీద, గోడకి జానెడు ఎడంగా పెట్టండి. ముందొచ్చింది ముందు వెళ్ళాలి. ఎలుకల గురించి నేను చెప్పక్కర్లేదు, అవే వచ్చి చెబుతాయి.

ఒక లెక్క మాత్రం మొదట్లోనే తేల్చుకోండి. మీ దగ్గర 120 సంచులకి సరిపడా డబ్బు చేరిందనుకుందాం. 120 ఇళ్ళకి ఒక్కసారి ఇవ్వొచ్చు, లేదా 10 ఇళ్ళకి 12 నెలలు ఇవ్వొచ్చు. మొదటిదానికి ఫోటో బాగా వస్తుంది. వరదో తుపానో వచ్చినప్పుడు అదే సరైనది కూడా. మామూలు రోజుల్లో అయితే నేను రెండోదానికే ఓటేస్తాను, ఎందుకంటే నెలాఖరున సంచి వస్తుందని ముందే తెలిసిన తల్లి ఆ నెల వడ్డీకి అప్పు తేదు, పిల్లాడి ఫీజు డబ్బు కదపదు. ఆ పది ఇళ్ళని ఎంచుకోవడం మాత్రం నరకం, అది దాచను. మా పద్ధతి ఇది: పసిపిల్లలున్న ఇల్లు, సంపాదించే మనిషి పోయిన ఇల్లు లేదా మంచాన ఉన్న ఇల్లు, ఒంటరి ముసలివాళ్ళు. కులం, మతం, ఓటు అడగం. రుజువులు అడగం. ఒకరిద్దరు అవసరం లేకపోయినా తీసుకుంటారు, తీసుకోనివ్వండి. వాళ్ళని పట్టుకోవడానికి పెట్టే నియమాలకి అసలైనవాళ్ళే సిగ్గుపడి వెనక్కి పోతారు.

ఇచ్చేచోట వరస కట్టించకండి, టైములు వేరువేరుగా చెబితే రోడ్డు మీద ఎవరూ నిలబడక్కర్లేదు. వీలుంటే ముందే కట్టిన సంచి బదులు సరుకులు అరల్లో పెట్టి, ఇన్ని తీసుకోవచ్చని చెప్పి, వాళ్ళనే ఏరుకోనివ్వండి. ఇలా చేశాక మాకు వృథా బాగా తగ్గింది, షుగరున్నవాళ్ళు వాళ్ళకి పనికిరానిది వదిలేశారు, పళ్ళు లేని ముసలాయన గట్టివి ముట్టుకోలేదు. ఫోటోలు తీయకండి. దాతలు అడుగుతారు, బతిమాలుతారు, మీడియాలో వేస్తామంటారు. సంచులని తీయండి, అరలని తీయండి, మొహాలు వద్దు. ఇచ్చేటప్పుడు ఉపన్యాసం కూడా వద్దు, తాగుడు మానమనడం, పొదుపు చేయమనడం లాంటివి. ఆ సలహాలు వాళ్ళు మనకంటే ముందే విన్నారు. మరో మాట, తీసుకోవడానికి వచ్చినవాళ్ళలో పని చేస్తామనేవాళ్ళు ఉంటారు, వాళ్ళని కాదనకండి. మా సరుకు గది తాళం ఇప్పుడు ఉండేది, మూడేళ్ళ క్రితం సంచి కోసం వచ్చినావిడ దగ్గరే. ఆ అరల్లో ఏది తక్కువుందో ఆవిడకి చీటీ చూడకుండానే తెలుసు, నెలలో ఏ రోజు తలుపు తీసి ఉంచాలో కూడా ఆవిడే చెబుతుంది. మేము ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకుంటాం.